మనస్తత్వం ఆడవాళ్ళకేనా? – సైబరాబాద్ కథల మీద కొన్ని ఆలోచనలు

తెలుగు ఎం.ఏ. చదివే రోజుల్లో మాకు పరీక్షల్లో తరచుగా ఒక ప్రశ్న వచ్చేది: ఫలానా రచయిత నవలల్లోని స్త్రీ పాత్రల మనస్తత్వాన్ని చర్చించండి, అని. పురుష పాత్రల గురించి అడిగేటప్పుడు మాట మారేది. వ్యక్తిత్వం, ఆశయం, సంఘర్షణ వంటి మాటలు వచ్చేవి. అంటే స్త్రీకి మనస్తత్వం, పురుషుడికి వ్యక్తిత్వం. చాలా ఏళ్ళుగా బడిలో తెలుగు చెబుతున్నాను. ప్రశ్నపత్రాలు నేనూ తయారు చేశాను. అయినా ఈ తేడా నా కంటికి ఆనలేదు. నేను మగవాణ్ణి కావడం ఒక కారణం. ఆ తేడా మన విమర్శ భాషలో అంత సహజంగా కలిసిపోయి ఉండటం రెండో కారణం.

ఇటీవల ఒక కథల పోటీకి వచ్చిన కథల్ని తొలి విడత వడపోసే పని నాకు అప్పగించారు. వాటిలో మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్‌ల చుట్టూ తిరిగే కథలు చాలానే ఉన్నాయి. చదువుతూ పోతే మూడు మూసలు కనిపించాయి.

మొదటి మూసలో భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. భార్యకు జీతం ఎక్కువ, దానితోపాటు అహం ఎక్కువ. వ్యవహారం విడాకుల దాకా వెళ్ళాక ఊళ్ళోని అమ్మమ్మ నాలుగు మంచి మాటలు చెబుతుంది. భార్య కళ్ళు తెరుచుకుంటాయి. భర్త కళ్ళు మొదటినుంచీ తెరిచే ఉన్నాయని కథకుడి నమ్మకం. రెండో మూసలో హాస్టల్లో ఉండే అమ్మాయి స్నేహితులతో పబ్బుకు వెళుతుంది, మోసపోతుంది. కథకుడు సానుభూతి చూపిస్తాడు గాని, ఆ సానుభూతి వెనక 'ముందే చెప్పాం కదా' అనే గొంతు వినిపిస్తూనే ఉంటుంది. మూడోది అభ్యుదయ మూస, మనవాళ్ళు రాసేది. అందులో పేదింటి అమ్మాయి కష్టపడి చదివి ఉద్యోగం సంపాదిస్తుంది, కట్నం అడిగినవాణ్ణి గుమ్మంలోంచే తిప్పి పంపుతుంది. కథ అక్కడితో ఆగిపోతుంది. జీతం వచ్చింది కనక విముక్తి వచ్చేసినట్టే.

మొదటి రెండు మూసల వెనక ఉన్నది 'ఆడవాళ్ళ స్వభావమే అంత' అనే సూత్రం. మూడో దాని వెనక ఉన్నది 'జీతం వస్తే అన్నీ వస్తాయి' అనే సూత్రం. ఒకటి తిరోగమనం, ఒకటి అభ్యుదయం. అయినా వీటికి ఒక పోలిక ఉంది. మనసు ఎలా తయారవుతుందో చూడవలసిన అవసరం రెండింటికీ లేదు. మొదటిదానికి మనసు పుట్టుకతో వచ్చింది కాబట్టి చూడనక్కర్లేదు. రెండోదానికి మనసు జీతం వెంట దానంతటదే నడిచి వస్తుంది కాబట్టి చూడనక్కర్లేదు. గత పాతికేళ్ళ సైబరాబాద్ జీవితం ఈ రెండు సూత్రాలనూ అబద్ధం చేసిందని, దాన్ని పట్టుకోవాలంటే మన కథ స్త్రీ మనసుతోపాటు మగవాడి మనసు లోపలికి కూడా వెళ్ళక తప్పదని నా వాదన.

2

జీతం సూత్రాన్ని మనం ఊరికే కల్పించుకోలేదు. దానికి గౌరవప్రదమైన మూలం ఉంది. 1884లో ఎంగెల్స్ కుటుంబం, సొంత ఆస్తి, రాజ్యాల పుట్టుక గురించి రాసినప్పుడు, స్త్రీలు తిరిగి సామాజిక ఉత్పత్తిలోకి రావడం విముక్తికి మొదటి షరతు అన్నాడు. కాని అక్కడితో ఆగలేదు. ఇంటి చాకిరీ, పిల్లల పెంపకం కుటుంబం భుజం మీది నుంచి దిగి సమాజం బాధ్యత కావాలని కూడా అన్నాడు. మనం మొదటి సగాన్ని నినాదం చేసుకున్నాం. రెండో సగాన్ని గ్రంథంలోనే ఉంచేశాం.

మన సాహిత్యం మాత్రం ఈ సగం మాటతో తృప్తి పడలేదు. 1910లో గురజాడ 'దిద్దుబాటు' రాసేటప్పటికి స్త్రీ విద్య ఇంకా వివాదమే. అందులో కమలిని చదువుకున్న భార్య. ఆ చదువును ఆమె దేనికి వాడింది? సానిమేళాలకు అలవాటుపడ్డ భర్తను ఒక ఉత్తరంతో దారికి తెచ్చుకోవడానికి. దిద్దుబాటు జరిగింది భర్తకే, అది గురజాడ ఘనత. అయితే దిద్దవలసిన బాధ్యత భార్య మీద పడిందన్న సంగతి మనం అంతగా చర్చించలేదు. మగవాడు తప్పటడుగు వేస్తే అతన్ని చక్కదిద్దే నేర్పు స్త్రీకి ఉండాలన్న భావం నూరేళ్ళ తర్వాత కూడా కౌన్సెలింగ్ గదుల్లో వినిపిస్తూనే ఉంది.

1927లో వచ్చిన 'మైదానం'లో చలం ఇంకో వైపు నుంచి వచ్చాడు. రాజేశ్వరికి కావలసింది ఉద్యోగం కాదు, శరీరం మీద తన హక్కు. చలాన్ని మనవాళ్ళు సామాజిక దృష్టి చాలలేదని విమర్శించారు. ఆ విమర్శలో నిజముంది. కాని శరీరం గురించి మాట్లాడే పనిని చలానికే వదిలేసి, ఆర్థికం గురించి మాట్లాడే పనిని మనం తీసుకోవడం వల్ల ఒక నష్టం జరిగింది. ఒకే మనిషిని రెండు ముక్కలు చేసి పంచుకున్నాం.

1974 నాటి అబ్బూరి ఛాయాదేవి కథ 'బోన్సాయ్ బ్రతుకు' ఆ ముక్కల్ని కలిపింది. చదువు లేని అక్కయ్య, చదువుకొని ఉద్యోగం చేసే చెల్లెలి ఇంటికి వచ్చి కుండీలో పెంచిన మరుగుజ్జు చెట్టును చూస్తుంది. కొమ్మలు కత్తిరించి, వేళ్ళు కత్తిరించి పెంచిన ఆ చెట్టులో ఆమెకు ఆడపిల్ల పెంపకం కనపడింది. ఇది పైపై ఉపమానం కాదు. చెట్టు స్వభావం పొట్టిది కాదు, కత్తెర దాన్ని పొట్టిది చేసింది. మనస్తత్వ శాస్త్రం ఎన్నో పుటల్లో చెప్పే విషయం ఆ కథలో ఒక కుండీలో ఇమిడింది. 1987లో ఓల్గా 'స్వేచ్ఛ' నవల జీతం సూత్రాన్ని నేరుగా ప్రశ్నించింది. అందులో అరుణకు చదువుంది, ఉద్యోగముంది, ప్రేమించి చేసుకున్న పెళ్ళి ఉంది. లేనిదల్లా స్వేచ్ఛే. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో గృహిణి ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోతుంది.

ఇన్ని మెట్లు ఎక్కివచ్చిన సాహిత్యం సైబరాబాద్ ముందుకు వచ్చేసరికి మళ్ళీ మొదటి మెట్టు దగ్గర నిలబడిపోవడం ఎందుకో ఆలోచించాలి.

3

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యేనాటికి ఆ చుట్టుపక్కల బండరాళ్ళు, గుట్టలు, తుప్పలు. ఇవాళ మెట్రో రైలు అక్కడిదాకా వస్తుంది. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా ఆ మార్గం 2019 మార్చిలో మొదలైంది. కోచింగ్ సెంటర్ల అమీర్‌పేటనూ ఉద్యోగాల హైటెక్ సిటీనీ కలిపే ఆ పట్టాల మీద నల్గొండ, ఖమ్మం, కడప, శ్రీకాకుళం ఆడపిల్లలు ప్రయాణం చేస్తున్నారు. దేశంలో ఐటీ ఉద్యోగుల్లో మూడో వంతు దాకా స్త్రీలే. తల్లి సంతకం పెట్టడం నేర్చుకోని ఇంటినుంచి వచ్చిన పిల్ల నెల తిరిగేసరికి తండ్రి ఏడాది సంపాదన తెస్తోంది. దీన్ని చిన్నచూపు చూడటం అభ్యుదయం కాదు. ప్రపంచీకరణ మీద మనకున్న విమర్శ ఈ పిల్లలు గెలుచుకున్నదాన్ని కనపడకుండా చేయకూడదు.

నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి ఈ కారిడార్‌లోనే పనిచేస్తోంది. 2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చి ఆఫీసులన్నీ ఇళ్ళలోకి వచ్చిపడ్డ కాలం గురించి ఒకసారి చెప్పింది. భార్యాభర్తలిద్దరిదీ ఒకే రకం ఉద్యోగం, ఇంచుమించు ఒకే జీతం. ఇల్లు రెండు పడకగదులది, ఒక గదిలో అత్తగారు. మిగిలిన గదిలో భర్త తలుపు వేసుకుని పనిచేసేవాడు. ఈమె భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకునేది. కుక్కర్ కూత పెడితే మైకు ఆపుకునేది. పాప ఏడిస్తే కెమెరా ఆపుకునేది.

"గది ఆయనకే కావాలన్నాడా అమ్మా?" అని అడిగాను.

"లేదు సార్. ఆయనెప్పుడూ అడగలేదు. నేనే ఇచ్చేశాను."

"ఎందుకిచ్చావు?"

చాలాసేపు ఆలోచించింది. "ఏమో సార్, అదే బాగుంటుందనిపించింది" అంది.

నా దృష్టిలో ఈ 'అనిపించింది' అన్న మాట దగ్గరే ఇవాళ్టి కథ మొదలవ్వాలి. బలవంతం లేదు. ఆర్థిక ఆధారం లేకపోవడం లేదు. భర్త దుర్మార్గుడు కాదు. అయినా గది ఎవరిదో ఎవరూ నిర్ణయించకుండానే నిర్ణయమైపోయింది. ఆ నిర్ణయం ఆమె కోరిక రూపంలో బయటికి వచ్చింది. పితృస్వామ్యం పైనుంచి వేసే ఆజ్ఞగా ఉన్నప్పుడు దాన్ని గుర్తుపట్టడం తేలిక. అది మన 'ఇష్టం'గా మారినప్పుడు గుర్తుపట్టడం కష్టం. దొడ్డిదారిన వచ్చేదాన్ని పట్టుకోవడానికే సాహిత్యం కావాలి.

ఇది స్త్రీ స్వభావమేనా? మనస్తత్వ శాస్త్రంలోనే ఈ ప్రశ్న మీద వందేళ్ళ పోరాటం జరిగింది. ఫ్రాయిడ్ స్త్రీని లోపంతో పుట్టిన పురుషుడిగా చూశాడు. ఆయన సంప్రదాయంలోంచే వచ్చిన కారెన్ హార్నీ అనే జర్మన్ వైద్యురాలు ఎదురు తిరిగింది. స్త్రీ అసూయపడేది పురుషుడి అవయవాన్ని చూసి కాదు, దానికి సమాజం కట్టబెట్టిన అధికారాన్ని చూసి అన్నది ఆమె వాదన సారాంశం. పురుషుడికే స్త్రీ సృజనశక్తి పట్ల అసూయ ఉందని కూడా అన్నది. మన దేశంలో 1922లో కలకత్తాలో మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించిన గిరీంద్రశేఖర్ బోస్, తన దగ్గరికి వచ్చే భారతీయ పురుషుల్లో స్త్రీ కావాలనే కోరిక తేలిగ్గా బయటపడుతున్నదని ఫ్రాయిడ్‌కే రాశాడు. అంటే ఐరోపా గదిలో తయారైన సిద్ధాంతం మన నేల మీద అలాగే నిలబడలేదు.

1974లో అమెరికాలో సాండ్రా బెమ్ ఒక కొలమానం తయారు చేసింది. పురుష లక్షణాలు, స్త్రీ లక్షణాలు ఒకే కర్రకు రెండు కొసలని అంతకు ముందు అనుకునేవారు. ఒకటి పెరిగితే ఇంకొకటి తరగాలి. బెమ్ వాటిని రెండు వేరువేరు కొలతలుగా తీసుకుంది. ఒకే మనిషిలో ధైర్యమూ లాలనా రెండూ నిండుగా ఉండవచ్చు. 2005లో జానెట్ హైడ్ అనే శాస్త్రవేత్త, అంతకు ముందు జరిగిన పరిశోధనలను గుదిగుచ్చిన 46 విశ్లేషణలను పరిశీలించింది. స్త్రీ పురుషుల మానసిక తేడాల్లో అత్యధికం చాలా చిన్నవని, కొన్ని దాదాపు సున్నా అని తేల్చింది. దూరంగా విసిరే శక్తి, దూకుడు, లైంగికతకు సంబంధించిన కొన్ని అంశాల్లో తేడా కనిపించిందని కూడా ఆమె దాచకుండా చెప్పింది. ఆ తేడాల్లో పుట్టుక వాటా ఎంత, పెంపకం వాటా ఎంత అనేది ఇంకా తెగని చర్చే. కాని గదిని వదులుకునే గుణం ఏ జన్యువులోనూ లేదని చెప్పడానికి ఇంతకన్నా ఆధారం అక్కర్లేదు.

లెక్కలు కూడా ఉన్నాయి. 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా కాల వినియోగ సర్వే చేసింది. రోజులో జీతం లేని ఇంటిపని చేసిన స్త్రీలు 81.2 శాతం, పురుషులు 26.1 శాతం. చేసినవాళ్ళలోనే చూస్తే స్త్రీలు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు. ఆఫీసు పని ముగిసాక ఇంట్లో మొదలయ్యే ఈ పనికి 1989లో ఆర్లీ హోక్‌షీల్డ్ అనే సమాజ శాస్త్రవేత్త 'రెండో షిఫ్ట్' అని పేరు పెట్టింది. షిఫ్టుల మీదే బతికే సైబరాబాద్‌కు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

అయితే రెండో షిఫ్టులో గిన్నెలు, బట్టలు మాత్రమే ఉండవు. ఎవరికి ఎప్పుడు టీకా వేయించాలి, ఎవరింటి పెళ్ళికి ఏం పెట్టాలి, ఎవరు ఎందుకు అలిగారు అని గుర్తుపెట్టుకోవడం కూడా పనే. భర్త 'చెప్పు, చేస్తా' అంటాడు. చెప్పడమే ఒక ఉద్యోగమని అతనికి తోచదు. నా మాటే చెబుతాను. మా బడి రిజిస్టర్లో ప్రతి విద్యార్థికీ తల్లి నంబరు, తండ్రి నంబరు రెండూ ఉంటాయి. పిల్లవాడికి జ్వరం వస్తే ఇన్నేళ్ళుగా నేను ఫోన్ చేసింది తల్లికే. తల్లి పనిలోంచి పరుగెత్తుకు వచ్చేది. వచ్చి ఏమనేది? 'ఆలస్యమైంది సార్, ఏమనుకోకండి' అనేది. ఆమె మనసులోని ఆ అపరాధ భావనను పెంచిన చేతుల్లో ఫోన్ పట్టుకున్న నా చెయ్యి కూడా ఒకటి.

4

ఇక్కడ వర్గం సంగతి రాకపోతే ఈ చర్చ మధ్యతరగతి ముచ్చటగా మిగిలిపోతుంది. మా బడికి వచ్చే పిల్లల తల్లుల్లో చాలామంది ఆ అపార్ట్‌మెంట్లలో పనిమనుషులు, వంటవాళ్ళు. కొందరు అద్దాల భవనాల్లో హౌస్‌కీపింగ్ చేస్తారు. పాలమూరు నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి వచ్చినవాళ్ళు. సాఫ్ట్‌వేర్ ఇంట్లో భార్యాభర్తల తగాదా ఎలా తీరింది? ఇంటిపనిని ఇద్దరూ పంచుకోవడం వల్ల కాదు, ఇంకో స్త్రీకి అప్పగించడం వల్ల. ఎంగెల్స్ చెప్పిన రెండో సగం జరగలేదు. ఇంటి చాకిరీ సమాజం బాధ్యత కాలేదు, కింది మెట్టు మీది స్త్రీకి చౌకగా అమ్ముడుపోయింది.

పనిమనిషిని కుదుర్చుకునేది భార్యే. ఆమె రాకపోతే తిట్టుకునేది భార్యే. జీతం పెంచమంటే బేరమాడేదీ భార్యే. ఇద్దరు స్త్రీల మధ్య పంచాయితీగా కనిపించే ఈ దృశ్యంలో మగవాడు పక్కగదిలో ఉన్నాడు, తలుపు వేసుకుని. మన కథల్లో యజమానురాలి కాఠిన్యం గురించి చాలా వచ్చింది. ఆ తలుపు గురించి రాలేదు. పనిమనిషి సాయంత్రం తన గుడిసెకు పోయాక మొదలుపెట్టే మూడో షిఫ్టు గురించి అసలే రాలేదు. సమానత్వం ఒక ఇంట్లో కొనుక్కునే వస్తువైతే, దాని ధర ఇంకో ఇంట్లో ఎవరు చెల్లిస్తున్నారో చెప్పడం అభ్యుదయ రచయిత పని.

5

లైంగికత దగ్గరికి వచ్చేసరికి మన రచయితలు రెండు దారులే ఎరుగుదురు: ప్రమాదం, లేదా పతనం. మన సంఘానికి ఈ బిడియం పుట్టుకతో వచ్చింది కాదు. 1943లో తెనాలిలో జరిగిన అభ్యుదయ రచయితల మొదటి మహాసభకు అధ్యక్షత వహించిన తాపీ ధర్మారావు, పెళ్ళి పుట్టుపూర్వోత్తరాల గురించీ దేవాలయాల మీది బూతుబొమ్మల గురించీ పుస్తకాలు రాసిన మనిషి. కామాన్ని చరిత్రలో పెట్టి చూడటం ఆయన నేర్పాడు. మనం మర్చిపోయాం.

2014లో హైదరాబాద్‌లో షీ టీములు వచ్చాయి. వేధింపుల మీద ఫిర్యాదు చేయడానికి ఆడపిల్లలకు ఒక చోటు దొరికింది, మంచిదే. కాని రక్షణ అనే మాటకు రెండు ముఖాలున్నాయి. నా పూర్వ విద్యార్థిని పెళ్ళికి ముందు ఉన్న హాస్టల్లో రాత్రి ఒక వేళకు గేటుకు తాళం పడేది. రాత్రి షిఫ్టు ముగించి వచ్చేవాళ్ళు ఆఫీసు ఉత్తరం చూపించాలి. సినిమా చూసి వచ్చేవాళ్ళు ఏ ఉత్తరం చూపించాలి? కంపెనీ కోసం మేలుకొంటే క్షేమం, తన కోసం మేలుకొంటే అనుమానం. ఆమె రాత్రి ఆమెది కాదు. యజమానిది, కాకపోతే తండ్రిది.

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర, సైబరాబాద్ పోలీసు పరిధిలో, ఒక యువ పశువైద్యురాలి మీద అత్యాచారం చేసి చంపారు. 'దిశ' అని ఆమెకు పేరు పెట్టారు. చెల్లెలికి ఫోన్ చేసే బదులు 100కు చేయవలసిందని రాష్ట్ర హోంమంత్రే అన్నాడు. చనిపోయిన అమ్మాయికి కూడా జాగ్రత్త పాఠమే. డిసెంబరు 6న నలుగురు నిందితులు చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పూలు చల్లారు. కొందరు స్త్రీలు పోలీసులకు రాఖీలు కట్టారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని అది చెప్పింది. హక్కుల కోణం నుంచి ఈ సంఘటన గురించి మనం రాశాం, మాట్లాడాం. మనసు కోణం నుంచి చూడలేదు. ఆ రాఖీ అర్థమేమిటి? తన భయానికి జవాబు ఒక అన్న చేతిలోని తుపాకిలో ఉందని ఒక స్త్రీ నమ్మడం. చెల్లెలిగా ఉన్నంతకాలమే దొరికే రక్షణ అది. చెల్లెలు తన ఇష్టంతో ఒకణ్ణి ఎంచుకున్న రోజున ఆ అన్న ఏం చేస్తాడో పరువు హత్యలు చూసిన తెలుగు నేలకు చెప్పనక్కర్లేదు. ఆ రాఖీ కట్టిన చేతిని ఎగతాళి చేయకుండా, సమర్థించకుండా, లోపలినుంచి రాసిన కథ కోసం నేను ఎదురుచూస్తున్నాను.

స్త్రీ పురుషులు అనే జంట మాటలో ఇమడనివాళ్ళు కూడా ఈ నగరంలోనే ఉన్నారు. స్వలింగ సంపర్కం నేరం కాదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. పెళ్ళి హక్కు కోసం అదే కోర్టుకు వెళ్ళిన వాళ్ళలో ముందు నిలిచిన సుప్రియో, అభయ్ హైదరాబాద్ జంట. 2023 అక్టోబరులో కోర్టు ఆ హక్కు ఇవ్వలేదు. అది చట్టసభల పని అంది. అదే ఏడాది జూలైలో తెలంగాణ హైకోర్టు, నిజాం కాలంలో 1919లో హిజ్రాలను పుట్టునేరస్థులుగా చూస్తూ చేసిన చట్టాన్ని కొట్టివేసింది. తమిళనాడుకు చెందిన రేవతి ఆత్మకథను 'ఒక హిజ్రా ఆత్మకథ'గా మనకిచ్చింది పి. సత్యవతే. ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. పేరు మరిచిపోయిన గృహిణి కథ రాసిన చెయ్యే, తన పేరు తానే పెట్టుకున్న మనిషి కథను తెలుగు చేయడం యాదృచ్ఛికం అనుకోను. ఆడ, మగ అనేవి తొడిగిన చొక్కాలని తెలిసినవాళ్ళకే ఆ రెండు కథలూ అర్థమవుతాయి.

6

చివరగా అసలు విషయానికి వస్తాను. మగవాడి మనసు గురించి తెలుగు నవల ఒకప్పుడు రాసింది. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు వంశ ప్రతిష్ఠ అనే బరువు కింద నలిగి నాశనమయ్యాడు. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధిని తల్లి శీలం మీద లోకం వేసిన నింద జీవితమంతా వెంటాడింది. రెండూ 1940ల నాటివి. మగతనం అనేది సుఖం కాదని, అదొక వారసత్వపు అప్పు అని ఆ నవలలు చూపించాయి. విమర్శకులం మనం వాటిని 'న్యూనతాభావం', 'చైతన్య స్రవంతి' అని లేబుళ్ళు అంటించి అల్మారాలో పెట్టేశాం. సీతారామారావుది మగవాడి సమస్య అని అనలేదు, మనిషి సమస్య అన్నాం. సత్యవతి కథను మాత్రం మనిషి సమస్య అనలేదు, స్త్రీ సమస్య అన్నాం.

ఇవాళ్టి సీతారామారావు కొండాపూర్ అపార్ట్‌మెంటులో ఉన్నాడు. నెలనెలా ఇంటి వాయిదా కట్టాలి. ఉద్యోగం ఊడితే భార్య జీతం మీద బతకాలి. ఆ మాట ఊళ్ళో తండ్రికి చెప్పలేడు. కొంతకాలం లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని పొద్దున్నే బయటికి వెళ్ళి, చెరువు గట్టు మీదనో కాఫీ దుకాణంలోనో కూర్చుని సాయంత్రం తిరిగి వస్తాడు. ఏడవడం అతనికి ఎవరూ నేర్పలేదు, కోప్పడటం నేర్పారు. భార్యకు పదోన్నతి వచ్చినప్పుడు అతను నవ్వుతూ అభినందించాడు. తర్వాత ఆ రాత్రి మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదో అతనికీ తెలియదు. ఆమె మాత్రం ఆ మౌనాన్ని చదివేసింది, మర్నాడు ఆ సంగతి ఎత్తకుండా జాగ్రత్తపడింది. ఇద్దరిలో ఎవరూ తప్పు చేయలేదు. కాని ఆ ఇంట్లో ఏదో జరిగింది. దాన్ని కథ చెయ్యాలి.

ఇలా రాస్తే మగవాణ్ణి బాధితుడిగా చూపించి వెనకేసుకొచ్చినట్టు కాదా, అని స్త్రీవాద మిత్రులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అతనికి బాధ ఉందని చెప్పడం వేరు, ఆ బాధకు లాభం లేదని చెప్పడం వేరు. అతనికి గది దొరికింది, 299 నిమిషాల బదులు 97 నిమిషాలు దొరికాయి, రాత్రి వీధి దొరికింది. అధికారం ఇచ్చే లాభాన్నీ, అది మనిషిలో చేసే నష్టాన్నీ ఒకే పాత్రలో చూపించగలిగితేనే అది వాస్తవికత. భూస్వామి గురించి రాసేటప్పుడు మనకు ఈ నేర్పు ఉంది. భర్త గురించి రాసేటప్పుడు ఎందుకు పోతోంది? బహుశా భూస్వామి మనం కాదు, భర్త మనం కాబట్టి.

సమాన జీతం కావాలి, వేధింపుల నిరోధక చట్టం గట్టిగా అమలు కావాలి, శిశు సంరక్షణ కేంద్రాలు కావాలి. మనసు మారితే చాలునని నేను అనడం లేదు. మనసు తనంతట తాను మారుతుందనీ అనడం లేదు. గది విషయంలో నా విద్యార్థిని 'అనిపించింది' అన్నప్పుడు, ఆ మాట ఎన్ని తరాల అలవాటు నుంచి, ఏ పాఠ్యపుస్తకం నుంచి, ఏ సినిమా నుంచి, ఏ తల్లి హెచ్చరిక నుంచి వచ్చిందో వెనక్కి తవ్వుకుంటూ వెళ్ళడమే భౌతికవాదం. జీతం చీటీ దగ్గరే ఆగిపోవడం బద్ధకం.

పోటీకి వచ్చిన కథల్లో బహుమతికి నేను పైకి పంపినవి చాలా తక్కువ. వెనక్కి పోయినవాటిలో ఒక కథ మాత్రం ఇంకా గుర్తుంది. శిల్పం లేదు, భాష తడబడుతోంది. అందులో ఒక భర్త బిడ్డ బడి నుంచి ఫోన్ వచ్చిందని మీటింగు మధ్యలో లేస్తాడు. లేవడానికి ముందు ఒక్క క్షణం ఆగి, భార్య ఫోన్ తీసిందేమోనని ఎదురు చూస్తాడు. ఆ ఒక్క క్షణాన్ని ఆ రచయిత చూశాడు. నేను మార్కులు వేస్తూ దాన్ని దాటిపోయాను. ఈ మధ్య ఒక పిల్లవాడికి బడిలో కడుపునొప్పి వచ్చింది. రిజిస్టర్ తెరిచి, ఈసారి తండ్రి నంబరు నొక్కాను. అవతలి గొంతు ఆశ్చర్యపోయింది: "సార్, వాళ్ళమ్మ ఎత్తట్లేదా?"